నేను రాయలేదు, పంపానంతే!
(పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు)

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పత్రికలు, టీవీ, ఫోన్లలోకి వచ్చిపడే వార్తల గురించే ఉన్నందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా బంధువుల వాట్సాప్ గ్రూపులో నూరు మందికి పైగా ఉన్నాము. నాకు వచ్చినవాటిలో నలుగురికీ పనికివస్తాయనిపించినవి అందరికీ పంపుతుంటాను. ఈమధ్య నేను పంపిన ఒక సందేశం అబద్ధమని తేలగా, మా అల్లుడు గ్రూపులోనే నన్ను నిలదీశాడు. అది నేను రాసినది కాదు, వచ్చినదానిని పంపానంతే. ఇందులో నా తప్పేమున్నది? ఒక్క సందేశంతో కొంపలు మునిగిపోతాయా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, పదిమందిలో మామగారిని నిలదీయడం మర్యాద కాదని మీ అల్లుడికి ఎవరైనా చెప్పవలసిందే. కానీ విషయం వరకు వస్తే న్యాయం ఆయన పక్షానే ఉన్నది.

మొదట చట్టం సంగతి చూద్దాము. భారతీయ న్యాయ సంహిత 353వ సెక్షన్ ప్రజలలో భయాందోళనలు కలిగించాలనో, వర్గాల మధ్య చిచ్చు పెట్టాలనో పుకార్లు పుట్టించినవారి గురించి మాత్రమే కాక, వాటిని ప్రచురించినవారి గురించి, ప్రచారంలో పెట్టినవారి గురించి కూడా మాట్లాడుతుంది. శిక్ష మూడేళ్ల వరకు ఉండవచ్చు. అయితే నిజమని నమ్మడానికి సహేతుకమైన ఆధారం ఉండి, దురుద్దేశం లేకుండా పంపినవారికి అదే సెక్షన్‌లో మినహాయింపు ఉన్నది కాబట్టి మీరు రాత్రి నిద్ర మానుకోనక్కరలేదు. కానీ ‘నేను రాయలేదు’ అన్న ఒక్క మాట రక్షణ కాదు. తమిళ నటుడు, మాజీ శాసనసభ్యుడు ఎస్.వి. శేఖర్ 2018లో మహిళా పాత్రికేయులను కించపరిచే ఒక పోస్టును ఫేస్‌బుక్‌లో పంచుకుని, తరువాత తొలగించి, క్షమాపణ కూడా చెప్పారు. అయినా కేసు ఆగలేదు. పంపిన సందేశం విల్లు విడిచిన బాణం వంటిదని, దాని పర్యవసానాలకు పంపినవారే బాధ్యులని 2023లో మద్రాసు హైకోర్టు స్పష్టం చేసింది. కంట్లో మందు వేసుకున్నందువల్ల అందులో ఏమున్నదో చదవలేకపోయానని ఆయన తరఫున సుప్రీంకోర్టులో చేసిన వాదన కూడా నిలవలేదు. చదవకుండానే పంపేవారు మన ఇళ్లలో ఎందరున్నారో తలచుకుంటే, ఆ వాదన విని నవ్వుకునే హక్కు మనకు పెద్దగా లేదనిపిస్తుంది.

ఇక కొంపలు మునుగుతాయా అన్న మాట. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న సందేశాలు, వాటికి తోడుగా ఒక వీడియో దేశమంతటా తిరిగాయి. మోటారు సైకిలు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాడిని ఎత్తుకుపోవడం అందులో కనిపిస్తుంది. అది మన దేశంలో తీసినది కానే కాదు. పిల్లలను జాగ్రత్తగా చూసుకోవాలని తల్లిదండ్రులకు చెప్పడానికి పాకిస్తాన్‌లోని కరాచీలో తయారు చేసిన ప్రచార చిత్రం. అసలు చిత్రంలో ఆ ఇద్దరూ వెనుదిరిగి వచ్చి, పిల్లవాడిని దింపి, హెచ్చరిక రాసిన అట్టను ప్రదర్శిస్తారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించారు. మిగిలిన ముక్కను పంపినవారిలో నూటికి తొంభై మంది మీవంటివారే అయి ఉంటారు. ఎవరి పిల్లలకూ హాని జరగకూడదనే పంపి ఉంటారు.

ఆ ఏడాది మే నెలలో హైదరాబాద్ పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో, రంజాన్ మాసంలో యాచనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను పిల్లలను ఎత్తుకుపోయే మనిషి అనే అనుమానంతో గుంపు కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్రలోని ధులే జిల్లా రైన్‌పాడాలో సంత రోజున, ఊరూరా తిరిగి యాచించుకుని బతికే సంచార కులానికి చెందిన ఐదుగురిని, ఒక పిల్లతో మాట్లాడారన్న కారణంతో పంచాయతీ కార్యాలయం గదిలో పెట్టి కొట్టి చంపారు. పన్నెండు రోజుల తరువాత కర్ణాటకలోని బీదర్ జిల్లాలో, బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి హైదరాబాద్ నుంచి మిత్రులతో కలిసి వెళ్లిన ఒక యువ ఇంజినీరు ప్రాణం పోయింది. ఒక ఊరిలో తప్పించుకుని బయలుదేరిన వారి కారు కంటే ముందుగా వారిని గురించిన సందేశం తరువాతి ఊరైన ముర్కీకి చేరింది. అక్కడ జనం దారి కాచి ఉన్నారు. ఆ కేసులో అరెస్టయినవారిలో వాట్సాప్ గ్రూపు నిర్వాహకుడు కూడా ఉన్నాడు.

ఇదే వేసవిలో, ఇవే సందేశాలు జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలలో కూడా తిరిగాయి. అక్కడ ఒక్క ప్రాణం కూడా పోలేదు. వేసవి రాత్రులు ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే పల్లె జనం పొద్దుగూకగానే తలుపులు బిగించుకుంటున్నారని, ఊళ్ల బాధ్యత చూస్తున్న పోలీసులు గమనించి ఆరా తీస్తే ఫోన్లలోని వీడియోల సంగతి బయటపడింది. అప్పటి జిల్లా పోలీసు అధికారి రెమా రాజేశ్వరి ఆ సందేశాలకు ఎదురు సందేశం పంపి ఊరుకోలేదు. పోలీసులు ఊరూరా తిరిగి ఇంటింటా మాట్లాడారు, డప్పు కొట్టించారు, జానపద కళాకారుల చేత పాటలు కట్టించి పాడించారు. వీడియో చూసి భయపడిన మనిషికి ధైర్యం చెప్పడానికి ముఖం తెలిసిన మరొక మనిషి కావలసి వచ్చాడన్న మాట. అదే జులైలో వాట్సాప్ సంస్థ కూడా మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసి, ఫార్వర్డ్ అయిన సందేశాలకు గుర్తు పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, ఎక్కువసార్లు చేతులు మారిన సందేశాలను ఒకేసారి ఒక్క చోటికి మాత్రమే పంపగలిగేలా చేసింది. మీ ఫోన్‌లో సందేశం పైన రెండు బాణం గుర్తులు కనబడితే అది అటువంటిదే. ఆ గుర్తు ఉన్నంత మాత్రాన అది అబద్ధమని కాదు. మీకు పంపినవారికి దాని పుట్టుక తెలిసి ఉండే అవకాశం మాత్రం చాలా తక్కువ.

పాతరోజులలో విలేకరి పంపిన వార్త ఉపసంపాదకుడి బల్ల దాటి, సంపాదకుడి చూపు దాటి గాని అచ్చుకు వెళ్లేది కాదు. ‘ఎవరు చెప్పారు? అవతలివాడిని అడిగావా?’ అని విసుక్కునే మనిషి ఒకడు మధ్యలో ఉండేవాడు. మీ గ్రూపులో ఆ కుర్చీ ఖాళీగా ఉన్నది మాస్టారూ. జీవితమంతా పిల్లల జవాబు పత్రాలలో తప్పులు వెదికిన మీకంటే అందులో కూర్చోవడానికి తగినవారు ఎవరున్నారు?

ప్రశ్న: చదువు లేనివారు పుకార్లు నమ్ముతారంటే అర్థమవుతుంది. కరోనా సమయంలో డాక్టర్లు, ఇంజినీర్లు కూడా ఏది పడితే అది నమ్మారు. ఎందువల్ల?
– బ్యాంకు ఉద్యోగిని, కరీంనగర్

జవాబు: పుకారుకు, చదువుకు మనం అనుకునేంత విరోధం లేదు. 2020 ఫిబ్రవరిలో కోడిమాంసం వల్ల కరోనా వస్తుందన్న మాట ఫోన్లలో పుట్టి కోళ్ల రైతుల నడ్డి విరిచింది. చివరకు హైదరాబాద్‌లో తెలంగాణ మంత్రులే వేదిక ఎక్కి పదిమంది ముందు కోడికూర తిని చూపించవలసి వచ్చింది. అప్పుడు కోడిమాంసం మానేసినవారిలో చదువుకున్నవారు తక్కువేమీ కాదు. బహుశా ఫోన్ ఎక్కువగా చూసేది వారే కాబట్టి ముందు మానేసినది కూడా వారే.

ఇక 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య గారు కరోనాకని ఇచ్చిన నాటుమందు సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ప్రాణాపాయ స్థితిలో ఉన్న ఒక రోగి, కంట్లో చుక్కలు వేసిన కొద్దిసేపటికే తేరుకున్నానని చెప్పిన వీడియో రాష్ట్రాలు దాటి తిరిగింది. వేలాది మంది, కొందరు ఆక్సిజన్ మీద ఉన్న రోగులతో సహా, ఒక చిన్న ఊరి మీదకు వచ్చి పడ్డారు. ఆ రోగి కొద్దిరోజులకే నెల్లూరు ఆసుపత్రిలో మరణించారన్న వార్త మాత్రం మొదటి వీడియో వెళ్లినంత దూరం వెళ్లలేదు. మందు వల్ల హాని కనబడలేదని నిపుణులు చెప్పిన మీదట, మే 31న కంటి చుక్కలు తప్ప మిగిలినవి ఇవ్వడానికి ప్రభుత్వం అనుమతించింది. హాని లేదన్న మాటకు, వ్యాధి నయమవుతుందన్న మాటకు మధ్య ఉన్న దూరాన్ని వివరించే తీరిక ఆ రోజులలో చాలా టీవీ ఛానళ్లకు లేకపోయింది. రోజంతా ఊరి నుంచి ప్రత్యక్ష ప్రసారాలు, స్టూడియోలో వాదోపవాదాలు నడిచాయి. ఆ వీడియోకు ఫోన్లు ఎంత బలమిచ్చాయో టీవీలు కూడా అంతే ఇచ్చాయన్నది నా అభిప్రాయం.

అయితే నమ్మినవారిని వెక్కిరించడం నాకు ఇష్టం లేదు. ఆసుపత్రిలో మంచం దొరకదు, ఆక్సిజన్ సిలిండరు దొరకదు, ఇంట్లో మనిషి ఊపిరి అందక కొట్టుకుంటున్నాడు. ఆ స్థితిలో పట్టా చేతిలో ఉన్నా ఆధారం అడగాలనిపించదు. దీనికి తోడు అబద్ధానికి ఒక సహజమైన సౌలభ్యం ఉన్నది. అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించి, 2018లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. 1,500 మందికి చేరడానికి అబద్ధం కంటే నిజానికి ఆరు రెట్లు ఎక్కువ సమయం పట్టిందట. యంత్రాలు నడిపే దొంగ ఖాతాలను తీసివేసి లెక్క కట్టినా తేడా పోలేదు. అబద్ధంలో కొత్తదనం, ఆశ్చర్యం ఎక్కువ. వాటిని మోసుకుపోయినది మనుషులే.

ప్రశ్న: ఒక వీడియో నకిలీదని ఎలా గుర్తు పట్టాలి?
– డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: కంటితో గుర్తు పట్టగలిగే కాలం దాదాపు గడిచిపోయింది. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న లిఫ్టులోకి వస్తున్నట్లు కనబడిన వీడియోలో శరీరం మరొక యువతిది, ముఖం మాత్రమే కృత్రిమ మేధతో అతికించినది. ఆ తరువాత కొద్ది నెలలకు దానిని తయారు చేశాడంటూ ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసిన యువకుడు మన ఆంధ్రప్రదేశ్ వాడే. కాబట్టి పెదవుల కదలికలో, కనురెప్పలలో లోపాలు వెదకడం కంటే వీడియో ఎక్కడి నుంచి వచ్చిందో వెదకడం మేలు. అందులోని ఒక దృశ్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెదికితే, పాత వీడియోను కొత్తదిగా చూపించే మోసాలు చాలావరకు బయటపడతాయి. మన చేతికి వచ్చే నకిలీలలో కృత్రిమ మేధ సృష్టించినవాటి కంటే, నిజమైన పాత దృశ్యానికి అబద్ధపు వ్యాఖ్య తగిలించినవే ఎక్కువగా కనబడుతున్నాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఫ్యాక్ట్‌లీ సంస్థ తెలుగులో కూడా నిజ నిర్ధారణ కథనాలు ఇస్తుంది. కేంద్ర ప్రభుత్వానికి సంబంధించిన ప్రచారమైతే ఆ ప్రభుత్వపు సమాచార విభాగమైన పీఐబీ నడిపే ఫ్యాక్ట్ చెక్ చూడవచ్చు.

ప్రశ్న: తప్పంతా సోషల్ మీడియాదేనని మీవంటి పత్రికలవారు రాస్తుంటారు. మీరు అంత పవిత్రులా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్

జవాబు: కాదు. ప్రశ్న సూటిగా అడిగారు కాబట్టి జవాబు కూడా సూటిగానే చెబుతాను. 2009 ఎన్నికలలో అభ్యర్థుల వద్ద డబ్బు తీసుకుని ప్రకటనలను వార్తల రూపంలో అచ్చు వేయడం, ప్రసారం చేయడం దేశంలో అనేకచోట్ల జరిగింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందుకు ప్రధానమైన ఉదాహరణలలో ఒకటి. దానిని బయటపెట్టడంలో ముందున్నది మన రాష్ట్రపు వర్కింగ్ జర్నలిస్టుల సంఘమే కావడం ఆ చీకటిలో కనబడే చిన్న వెలుగు. ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి గారు, పరంజయ్ గుహా ఠాకుర్తా గారు కలిసి పేర్లతో సహా 71 పేజీల నివేదిక ఇచ్చారు. 2010లో ప్రెస్ కౌన్సిల్ దాని సంక్షిప్త రూపాన్ని మాత్రమే విడుదల చేసింది. పూర్తి నివేదికను జనం చూడడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం అవసరమయింది. ఎదుటివారి రహస్యాలను బయటపెట్టే వృత్తి, తన రహస్యాన్ని ఏడాదికి పైగా బీరువాలో దాచిపెట్టుకున్నది.

టీవీ సంగతి చెప్పాలంటే, 2008 నవంబరులో ముంబయి మీద దాడి జరుగుతున్నప్పుడు భద్రతా దళాల కదలికలను ప్రత్యక్షంగా ప్రసారం చేసిన తీరును, 2012లో కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు తీవ్రంగా తప్పుపట్టింది. అప్పటికి మన దేశంలో వాట్సాప్ లేదు.

అయినా పత్రికలను, సోషల్ మీడియాను ఒకే గాటన కట్టడానికి నాకు మనసొప్పదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులలో చదువుకున్న పాఠాన్ని పట్టుకుని ఆడవాళ్లు ఊరి సారా దుకాణాన్ని మూయించారు. ఆ వార్త ఒక ఊరిలో చల్లారిపోకుండా పక్క ఊళ్లకు, పక్క జిల్లాలకు పాకడంలో తెలుగు పత్రికల పాత్ర చాలా పెద్దది. ‘ఈనాడు’ ఆ ఉద్యమానికి రోజూ ప్రత్యేకంగా చోటు ఇచ్చింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. రెండవది రెండేళ్లకే సడలిపోయిందనుకోండి, అది వేరే కథ. అప్పుడు ఏ వార్తకు మొదటి పేజీ ఇవ్వాలో నిర్ణయించినవాడికి స్వార్థం ఉండి ఉండవచ్చు, రాజకీయం ఉండి ఉండవచ్చు. కానీ ఆయనకు ఒక పేరు, ఒక చిరునామా ఉండేవి. తప్పు రాస్తే ఉత్తరం రాయవచ్చు, ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు, కోర్టుకు లాగవచ్చు. మీ ఫోన్‌లో ఏది ముందు కనబడాలో నిర్ణయించే లెక్కలకు పేరు లేదు. మీరు ఎంతసేపు ఆగి చూశారు, ఎవరి మీద కోపగించుకున్నారు, దేనికి వేలు నొక్కారు అన్నవాటిని బట్టి అవి పనిచేస్తాయి. మీరు ఒకరినొకరు తిట్టుకునే పోస్టు కింద రెండు నిమిషాలు ఆగారంటే, రేపు అటువంటివే పది వస్తాయి. డల్లాస్‌లో కూర్చుని కులాల పేరుతో, అభిమాన హీరోల పేరుతో రాత్రంతా వాదించుకునే మనవారికి ఆ మంట సొంతంగా పుట్టినదనే అనిపిస్తుంది. దానికి ఊపిరి ఊదే గొట్టం మాత్రం వేరే చోట ఉన్నది.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదవ తరగతి. రాత్రి పదకొండయినా రీల్స్ వదలదు. ఈమధ్య తాను లావుగా ఉన్నానని, నల్లగా ఉన్నానని అన్నం సరిగా తినడం లేదు. ఫోన్ లాక్కోమంటారా?
– గృహిణి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలో రెండు విషయాలు ఉన్నాయి. మొదటి దానికంటే రెండవది పెద్దది. అన్నం మానేయడం వారాల తరబడి సాగుతుంటే ఈ జవాబుతో సరిపెట్టుకోకుండా పిల్లల వైద్యుడికో, మానసిక వైద్యుడికో చూపించండి.

మీ అమ్మాయి అనుభవం ఆమె ఒక్కదానిదే కాదు. ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హాగెన్ 2021లో బయటపెట్టిన ఆ సంస్థ అంతర్గత పత్రాలలో, తమ శరీరం గురించి బాధపడుతున్నప్పుడు ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను మరింత పెంచిందని నూటికి 32 మంది కౌమార బాలికలు చెప్పినట్లు ఉన్నది. అంటే తయారు చేసినవారికి ముందే తెలుసు. పైగా పేజీకి అడుగు అన్నది లేకుండా, ఎంత జరిపినా ఇంకొకటి వచ్చే ఏర్పాటు ఉన్నప్పుడు, పెద్దవారికే ఆగడం సాధ్యం కాని చోట పదమూడేళ్ల పిల్లను ‘నీకు నిగ్రహం లేదు’ అని తిట్టడం అన్యాయం.

ఆస్ట్రేలియా 2025 డిసెంబరు నుంచి పదహారేళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని చట్టం అమలులో పెట్టింది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సమాచారాన్ని వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలన్నది. చట్టాలు మీ ఇంటి పడకగది దాకా వచ్చేలోగా మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. లాక్కోవద్దు, లాక్కున్న ఫోన్ స్నేహితురాలి ఇంట్లో మళ్లీ దొరుకుతుంది. రాత్రి తొమ్మిదిన్నరకు ఇంట్లోని ఫోన్లన్నీ, మీదీ మీ వారిదీ కూడా, హాలులో ఒకేచోట ఛార్జింగ్‌కు పెట్టండి. మీవి మినహాయిస్తే ఈ ఏర్పాటు మూడు రోజులు కూడా నిలవదు. వారంలో ఒకరోజు ఆమె పక్కన కూర్చుని ఆమె చూసేవే చూడండి. వెలుతురు, ఫిల్టరు, కెమెరా కోణం కలిసి ఒక ముఖాన్ని ఎలా మార్చుతాయో ఆమె చేతనే మీ ముఖం మీద చేయించి చూడండి. ‘రంగు తక్కువ’, ‘కాస్త ఒళ్లు చేసింది’ అనే మాటలు బంధువుల నోటి నుంచి ఆమె చెవిన పడుతున్నాయేమో కూడా గమనించండి. రీల్స్ రాకముందు నుంచీ మన ఇళ్లలో ఉన్న జబ్బు అది.

ప్రశ్న: మా మామగారు రోజుకు ఇరవై సందేశాలు కుటుంబ గ్రూపులో పెడతారు. సగం తప్పులే. కోడలిని, ఆయనకు ఎదురు చెప్పలేను. చూస్తూ ఊరుకోనూ లేను. ఏం చేయాలి?
– ఉపాధ్యాయిని, నిజామాబాద్

జవాబు: గ్రూపులో మాత్రం చెప్పకండి, పైన తెనాలి మాస్టారి ఉత్తరం మరొకసారి చదివితే ఎందుకో తెలుస్తుంది. పదిమందిలో తప్పని చెబితే ఆయన సందేశాన్ని కాక తన పరువును కాపాడుకోవడం మొదలుపెడతారు. విడిగా, వీలైతే ఎదురుగా కూర్చుని, ‘మామయ్యగారూ, ఇది ఎవరు పంపారు? నాకు వేరేచోట ఇలా కనబడింది’ అని నిజ నిర్ధారణ కథనాన్ని చూపించండి. ఇరవైలో ప్రతిదానికీ వెంటపడకండి. శుభోదయాలు, చిట్కాలు వదిలేసి, మందులకు, మతానికి, డబ్బుకు సంబంధించినవి మాత్రం పట్టుకోండి.

ఆయన ఒప్పుకుంటే, పంపిన సందేశాన్ని అందరికీ కనబడకుండా తొలగించే పద్ధతి నేర్పండి. వాట్సాప్‌లో అందుకు రెండు రోజులకు కొంచెం పైగా మాత్రమే గడువు ఉంటుంది. అప్పటికే ఎవరైనా దానిని మరొక గ్రూపుకు పంపి ఉంటే అక్కడ చెరగదు కాబట్టి, తొలగించడంతో ఆగకుండా ‘నిన్న నేను పెట్టినది తప్పు, ఎవరికైనా పంపి ఉంటే వారికి కూడా చెప్పండి’ అని ఆయన చేతనే ఒక వాక్యం రాయించండి. ఆ వాక్యం మీరు రాసి ఆయన ఫోన్ నుంచి పంపవద్దు. కాస్త ఆలస్యమైనా ఆయనే టైపు చేయనివ్వండి.